నౌపడ నేలకు పన్ను ఎవరు చెల్లించవలెను?



పలాస దాటి దక్షిణముగా వచ్చు రైలు పూండి విడిచిన కొంతసేపటికి నౌపడ జంక్షను చేరును. ఎడమవైపు కిటికీ కడ కూర్చున్న ప్రయాణికునకు సముద్రము కనబడకపోయినను దాని ఉప్పు కనబడును. చదరపు గడులుగా కోసిన ఉప్పుమడులు, నడుమ సన్నని గట్లు, గట్లవెంట తెల్లని రాసులు. కుడివైపున టెక్కలి మీదుగా పర్లాకిమిడికి పోవు శాఖామార్గము చీలిపోవును. ఇంతే గదా నౌపడ, ఇందు చరిత్రకేమి పని అని మీరడుగవచ్చును. అయితే ఈ ఒక్క స్టేషనులో నిలిచి నలువైపుల చూచినచో, నూటయేబది యేండ్లకు పైబడి మన దేశమున నడచిన ఒక పెద్ద వ్యాజ్యమునందలి కక్షిదారులందరును కనబడుదురు. పడమటి పల్లెలు ఒకప్పుడు జమీందారులవి. కాలిక్రింది ప్లాటుఫారము రైలు సంస్థది. తూర్పున ఉప్పునేల కేంద్ర ప్రభుత్వముది. వీరి నడుమ రెండు గదుల పెంకుటింటికి ఏటేట పంచాయతీవారికి ఇంటిపన్ను కట్టి రసీదు దాచుకొను సామాన్య గృహస్థుడు.

వ్యాజ్యమేమనగా, ఊరికి బాట వేయుటకును, బడి పెట్టుటకును, దీపము వెలిగించుటకును అగు వ్యయము ఆ ఊరి నేలపైనను ఇండ్లపైనను పడవలెనని స్థానిక సంస్థ అనును. పెద్ద భూస్వామి “ఆ పన్ను నాకు తగులదు” అనును. ఆ మాటకు జమీందారు చూపిన ఆధారము ఒకటి, రైలువారు చూపినది వేరొకటి, ప్రభుత్వము చూపినది ఇంకొకటి. ఆ ఆధారములను వరుసగా పరిశీలింతము.

మొదట జమీందారుని మాట. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి 1765లో మొగలు ఫర్మానా వలన, 1766లో నైజాముతో జరిగిన సంధి వలన సంక్రమించినవి. తరువాత నలువది యేండ్లకు లోపుననే, బంగాళమున కారన్‌వాలిసు చేసిన శాశ్వత పరిష్కారమును మదరాసు ప్రభుత్వము ఈ సీమకు తెచ్చెను. 1802వ సంవత్సరపు 25వ రెగ్యులేషను అను శాసనము జమీందారుని తన భూమికి యజమానిగా ఒప్పుకొనెను. అతడు ఏటేట చెల్లింపవలసిన పేష్కషును సూర్యచంద్రులున్నంతకాలము మార్పులేనిదిగా నిర్ణయించెను. దానికి గుర్తుగా జమీందారునకు ‘సన్నద్-ఎ-మిల్కియత్-ఎ-ఇస్తిమ్రార్’ అను పత్రము దొరకెను. మన జమీందారీ దివాణములలో ఆ కాగితమును పూజాపేటికయందుంచిన దేవతార్చన వలె దాచిరనుట అతిశయోక్తి కాదు. ఏ కొత్త పన్ను వచ్చినను ముందు ఆ పేటిక తెరచుట ఆచారమయ్యెను.

అయితే ఆ రెగ్యులేషనులోనే నాలుగవ విధియొకటి కలదు. దానిని చదివినవారు తక్కువ. శాశ్వతముగా నిర్ణయించిన శిస్తులో చేరని ఆదాయములు ఏవియో అందు పేర్కొనబడినవి. ఉప్పు, సురేకారము, భూమార్గమునను సముద్రమార్గమునను తీయు సాయరు సుంకములు, మద్యము, అంగళ్లు, సంతలు, మనుష్యులపైనను వృత్తులపైనను వేయు పన్నులు, ఇనాము భూములు, ఇవన్నియు ప్రభుత్వము తన చేతనే ఉంచుకొనెను. నౌపడకు ఈ విధి ప్రాణమువంటిది. చుట్టుపట్ల పొలము జమీందారునకు పోయినను, ఆ పొలపుటంచున సముద్రపు నీరు ఎండి తెల్లబడిన మడి మాత్రము కంపెనీకే మిగిలెను. మూడేండ్లకే, 1805లో, ఉప్పు ప్రభుత్వ గుత్తయైనది. ఉప్పు పండించువాడు తన పంటను ప్రభుత్వమునకే అమ్మవలెను. అతనికి ముట్టు ధరకు ‘కుడివరము’ అని పేరు. పొలము పండించిన రైతు భాగమునకు వాడు మాటయే ఉప్పు పండించినవానికిని వాడిరి. ఆ పేరిటనే నాటి దొరలు ఉప్పుమడిని కూడ ఒక విధమగు సేద్యముగనే భావించిరని తెలియుచున్నది. ఈ ఉప్పునేల సంగతి మరల చివరకు వత్తును.

అరువది యేండ్లు సన్నదునకు గట్టి పరీక్ష రాలేదు. 1866లో గంజాము సీమకు మహాక్షామము వచ్చెను. ఒరిస్సాను నాశనము చేసిన కరవే అది. నౌపడ, టెక్కలి, పర్లాకిమిడి ప్రాంతములన్నియు నాడు గంజాము జిల్లాలోనివి. బియ్యము ఒకచోట ఉండియు, బండి పోవు బాట లేక మరియొకచోట జనము మరణించుట ఆ కరవు నేర్పిన కఠినపాఠము. అదే సంవత్సరమున మదరాసు ప్రభుత్వము జిల్లా రోడ్డుసెస్సు చట్టము చేసెను. నేల ఆదాయముపై రూపాయికి అర్ధణాకు మించకుండ సెస్సు, ఆ సొమ్ముతో బాటలు. అయిదేండ్లకు, 1871లో, స్థానిక నిధుల చట్టము దాని స్థానమున వచ్చి సెస్సును రూపాయికి అణావరకు పెంచుటకు వీలిచ్చెను. బాటలతోపాటు బడులు, వైద్యశాలలు దాని పరిధిలోనికి వచ్చెను.

ఇపుడు పేటికలు తెరచిరి. “పేష్కషు శాశ్వతమని మీరే వ్రాసియిచ్చితిరి. నేల ఆదాయముపై అణా తీసినచో, పేరు సెస్సైనను అది శిస్తును పెంచుట కాదా?” అని జమీందారుల వాదము. ఇది తేలికగా త్రోసివేయదగిన వాదము కాదని నాయభిప్రాయము. రేడియోకు ఏటేట తపాలాకచ్చేరిలో లైసెన్సు కట్టిన దినములు జ్ఞాపకమున్న పెద్దలు ఒక్కసారి ఊహించుకొనుడు: ‘ఇంత కట్టినచో జన్మాంతము ఇంతే’ అని వ్రాసియిచ్చి, మరుసటియేడు ‘ఇది లైసెన్సు కాదు, తంతిస్తంభపు సెస్సు’ అని వేరొక రసీదు పంపినచో మనమేమందుము?

బంగాళమునందు ఈ రగడ మనకంటె పెద్దది. అచటి జమీందారుల మొరపై లండనులోని ఇండియా మంత్రియగు ఆర్గైలు ప్రభువు 1870లో తీర్పువంటి ఉత్తరువు పంపెను. ఆయన సలహాసంఘములోనే భిన్నాభిప్రాయములుండెను. ఐనను ఆయన ఒక గీత గీచెను. ప్రభుత్వపు సాధారణ వ్యయమునకై జమీందారుని నేలపై మాత్రము పన్ను వేసినచో మాట తప్పినట్లగును. అట్లుగాక, ఆ ప్రాంతపు మేలునకే వ్యయమగు సొమ్మును, ఆ ప్రాంతమున ఆస్తిగలవారందరి వద్ద సమముగా తీసినచో మాట తప్పినట్లు కాదు. ఈ గీతయే నాటినుండి స్థానిక పన్నునకును ప్రభుత్వ శిస్తునకును భేదము చూపునదియైనది. తరువాత ఆదాయపు పన్ను విషయమునను ఇట్టి ప్రశ్నయే వచ్చెను. అస్సాము సీమలోని గౌరీపురపు జమీందారు వ్యాజ్యమున ప్రీవీకౌన్సిలు 1930లో, శాశ్వత పరిష్కారము భూమిశిస్తును నిలిపినదేగాని, జమీందారుని సమస్త పన్నులనుండి తప్పించు వరము కాదని తేల్చివేసెను.

సూత్రము తేలినది గాని చిక్కు తీరలేదు. అసలు తగవు సన్నదులో గాక లెక్కలలో నుండెను. ఈ భాగమును కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది.

1884 నాటి స్థానిక బోర్డుల చట్టము జిల్లాబోర్డు, తాలూకాబోర్డు, యూనియను పంచాయతీ అను మూడంతస్తులను ఏర్పరచెను. 1920లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చెను. భూమిసెస్సు పద్ధతి మాత్రము రెంటను దాదాపు ఒక్కటే. నేల ‘వార్షిక శిస్తు విలువ’పై రూపాయికి ఒక అణా. రైతువారీ గ్రామమున ఆ విలువ తెలిసికొనుట సులభము. పట్టాలో వ్రాసిన శిస్తే విలువ. జమీందారీలో రైతు జమీందారునకు ఇచ్చు శిస్తు విలువయగును. సెస్సంతయు మొదట జమీందారు తన పేష్కషుతో కూడ ఖజానాకు చెల్లించి, అందు సగము రైతునుండి రాబట్టుకొనవచ్చును. చదువుటకు న్యాయముగనే యున్నది. బాటను ఇరువురును వాడుదురు గనుక ఖర్చు ఇరువురిదియు.

కాని మన ఉత్తరపు జమీందారీలలో అనేకచోట్ల శిస్తు రూపాయలలో లేదు, ధాన్యములో నుండెను. కళ్లమున రాసి పోసి, పాలు పంచుకొను గ్రామమున వార్షిక విలువ ఎంత? ఏ యేటి ధర కట్టవలెను? పండిన యేటి ధరయా, ఎండిన యేటి ధరయా? మధ్య ఇనామ్దారు, మొఖాసాదారు, అగ్రహారీకుడు ఉన్న గ్రామమున ‘భూస్వామి’ ఎవడు? కట్టుబడి మాత్రము తీసికొను జమీందారుడా, పంట తీసికొను అగ్రహారీకుడా? విలువ దివాణపు జమాబందీ లెక్కలనుబట్టియే తెలియవలెను. ఆ లెక్క వ్రాయువాడు దివాణపు గుమాస్తాయే. రైతువద్ద శిస్తు రాబట్టుటకు ఒక అంకె, సెస్సు కట్టుటకు ఒక అంకె రెండును అతని కలములోనే యుండెను.

ఇందొక వింత కలదు. పన్ను వేయు బోర్డునందును తరచుగా ఆ జమీందారులే సభ్యులు. జిల్లాబోర్డు బల్లకు ఈ ప్రక్కను వారే, ఆ ప్రక్కను వారే. ఇందువలన వివాదములు పత్రికలకెక్కినవి తక్కువ. బోర్డు లోపల సద్దుమణిగినవి ఎక్కువైయుండునని ఊహించుట తప్పుకాదు.

రైతు సంగతియో? అతనికి సెస్సులో సగము భారము మాత్రమే కాదు, సెస్సునకు మూలమైన శిస్తే పెరిగినచో రెండు భారములును పెరుగును. శిస్తుపై తగవుపడి అతడు ఎంతదూరము పోగలిగెనో తెలుపు వ్యాజ్యమొకటి ఈ ప్రాంతముదే కలదు. పర్లాకిమిడి జమీందారీలోని గారబంధ మొదలగు గ్రామముల రైతులు తమ శిస్తును రెవిన్యూబోర్డు నిర్ణయించిన తీరు చెల్లదని మదరాసు హైకోర్టును ఆశ్రయించిరి. అచట పని జరుగక, సముద్రములు దాటి ప్రీవీకౌన్సిలునకు పోయిరి. 1943లో తీర్పు వచ్చెను. రెవిన్యూబోర్డు కచ్చేరి మదరాసు నగరమున ఉన్నంతమాత్రమున, గంజాము పల్లెలోని శిస్తు నిర్ణయమును రద్దుచేయు రిట్టు జారీచేయుటకు హైకోర్టునకు అధికారము లేదనిరి. అనగా మదరాసు పట్టణపు ఎల్లలలోని గృహస్థునకు దొరకు తలుపు, ఎల్లల వెలుపలి రైతునకు మూసియున్నదన్నమాట. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని ఆ తీర్పును చదువుదురు. అయితే దానిని వారు న్యాయస్థానపు అధికార పరిమితికై చదువుదురేగాని, శిస్తు కట్టలేని మూడు నాలుగు పల్లెల కథగా చదువరు. 1950లో రాజ్యాంగపు 226వ అధికరణము ఆ తలుపును అందరికి తెరచెను. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరున వెలసిన తరువాత మన పన్నుల తగవులు ఎక్కువగా ఆ తలుపుననే ప్రవేశించినవి.

విలువకట్టుట అనునది ఎంత తిరుగుడుగలదో తెలుపుటకు ఇంకొక వ్యాజ్యమును గూడ ఇచటనే చెప్పెదను. విశాఖపట్టణమున రేవు నిర్మాణకాలమున, లోవ తోటలలోని ఒక ఊటనీటి స్థలమును ప్రభుత్వము తీసికొనెను. ఆ స్థలపు యజమాని చెముడు జమీందారు వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారు. పరిహారము చాలదని ఆయన చేసిన వ్యాజ్యము 1939లో ప్రీవీకౌన్సిలున తీరెను. ఆ ఊటను కొనగలవాడు రేవు అధికారి ఒక్కడే యైనను, దాని భావి ప్రయోజనమునకు విలువ కట్టక తప్పదనిరి. భూసేకరణ వ్యాజ్యములలో ప్రపంచమందు పలుచోట్ల ఈ తీర్పును ఉదాహరింతురు. ఇది తప్పని నేననను, న్యాయమైన తీర్పే. అయినను ప్రభుత్వము నేలను కొనవచ్చినపుడు దానియందలి భావి ప్రయోజనమంతయు భూస్వామి కంటికి కనబడుటయు, బోర్డు పన్ను వేయవచ్చినపుడు అదే నేల ముండ్లపొదగా మారుటయు లోకసహజమే గదా!

1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చినది. 1949 మొదలుకొని జమీందారీలు ఒకటొకటిగా ప్రభుత్వ స్వాధీనమైనవి. సన్నదు పేటిక మూతపడినది. అయితే సెస్సు పోలేదు. మునుపు సగము కట్టిన రైతు ఇపుడు పట్టాదారై తానే భూస్వామియైనందున పూర్తిసెస్సు కట్టవలసివచ్చెను. ఇది నష్టమా? లెక్క చూడుడు. పూర్వము ఇరువది రూపాయల శిస్తుగల రైతు సెస్సు ఇరువది అణాలలో పది అణాలు తానిచ్చెను. 1947 నాటి శిస్తు తగ్గింపు చట్టము వలనగాని, రైతువారీ పద్ధతికి మారుటవలనగాని అతని శిస్తు పది రూపాయలకు దిగినచో, సెస్సంతయు పది అణాలే. ఇచ్చునది అదే పది అణాలు. అంతకంటె తక్కువ తగ్గిన రైతునకు మాత్రము కొత్తభారము పడెను. బుర్రమీసము తిప్పు పట్టాదారుతనమునకు అది వెల యనుకొనవలెను.

1920 నాటి ఈ సెస్సుకు ఎంత దీర్ఘాయువో చూడుడు. చిత్తూరు జిల్లాలో ఇనుపరాతి గనికి కౌలుదారైన ఒకరు, తాను ప్రభుత్వమునకు కట్టు రాయల్టీపై భూమిసెస్సు వేయుట చెల్లదని సుప్రీముకోర్టుకు పోయిరి. 1964లో అది నేలపై పన్నేనని, చెల్లునని తీర్పు వచ్చెను. 1989లో తమిళనాటి సిమెంటు కంపెనీ వ్యాజ్యమున అదే న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. 2024 జూలైలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఎనిమిదిమంది ఒకవైపును ఒకరు మరియొకవైపునునై, 1989 నాటి తీర్పును త్రోసివేసి, రాయల్టీ పన్ను కాదని, ఖనిజభూములపై పన్ను వేయు అధికారము రాష్ట్రములకు కలదని చెప్పినది.

ఇక రైలు. తూర్పుతీరపు రైలుమార్గము 1890ల దశకమున ప్రభుత్వము వేసినది. వాల్తేరునకు ఉత్తరపు భాగము 1902లో బెంగాల్-నాగపూరు రైలు కంపెనీ చేతికి పోయెను. నౌపడ నుండి పర్లాకిమిడికి రెండడుగుల ఆరంగుళముల సన్నమార్గమును పర్లాకిమిడి జమీందారే వేయించెను. అది 1900 ఏప్రిలు 1న తెరువబడెను. తరువాత గుణుపురము వరకు సాగెను. 2004లో ఆ చిన్నబండి నిలిచి, పెద్దపట్టాల మార్గముగా మరల మొదలాయెను. జమీందారు తన సొమ్ముతో రైలు నడిపినచోటు మన సీమలో అరుదు. కొందరు దానిని విలాసమందురు గాని, టెక్కలి సంతకు బస్తా చేర్చిన ప్రతివాడును దాని మేలెరుగును.

1890వ సంవత్సరపు రైల్వే చట్టములో 135వ విధి ప్రకారము, ఏ స్థానిక చట్టమేమి చెప్పినను, కేంద్రప్రభుత్వము గెజెటులో ప్రకటించిననే తప్ప రైలు యాజమాన్యము స్థానిక సంస్థకు పన్ను కట్టనక్కరలేదు. జమీందారు సన్నదును చూపి ఓడిన వాదమును, రైలు ఒక్క విధితో గెలిచినదన్నమాట. స్టేషను వచ్చినందున ఊరు పెరుగును, బండ్లరాకపోకలవలన బాట అరుగును, ప్రయాణికులవలన సత్రమున దీపము, వీధిలో పాకీపని పెరుగును. ఆ వ్యయము ఊరిది. స్టేషను పన్ను మాత్రము ఢిల్లీ దయ. 1941లో వేరొక చట్టము చేసి, రైలు సంస్థ ఎంత ఇచ్చుట న్యాయమో, ఊరు చేయు సేవలను గమనించి ఒక అధికారి నిర్ణయింపవచ్చుననిరి. 1944 అక్టోబరు 1న కంపెనీ రైలును ప్రభుత్వము కొనెను. ఆరేండ్లకు రాజ్యాంగము వచ్చినది. అందలి 285వ అధికరణము, పార్లమెంటు వేరుగా శాసించిన మేరకు తప్ప, కేంద్రపు ఆస్తిపై రాష్ట్రముగాని రాష్ట్రములోని ఏ సంస్థగాని పన్ను వేయరాదని చెప్పుచున్నది. రాజ్యాంగమునకు ముందునుండియే పన్ను పడుచుండిన ఆస్తికి మాత్రము ఆ పన్ను కొనసాగవచ్చును. బళ్లారి పురపాలకసంఘము రైలు ఇండ్లపై పన్ను కోరగా, 1978లో సుప్రీముకోర్టు ఈ అధికరణమునే చూపి కూడదనినది.

ఈలోగా పట్టణములలోని ఇంటియజమానులు వేరు దారి త్రొక్కిరి. భీమునిపట్నము 1861లోనే పురపాలకమైనది. 1865 నాటి మదరాసు పట్టణాభివృద్ధి చట్టము పట్టణపు పోలీసు వ్యయములో నాలుగింట మూడువంతులు పురపాలకముపైననే మోపెను. దీపమునకును కాలువకును అని చెప్పి తీసిన ఇంటిపన్ను బంట్రోతు జీతమునకు పోవుచుండగా గృహస్థులు గొణుగుట సహజమే. అయినను గట్టి దెబ్బ వేసినది గుంటూరువారు. 1920 నాటి జిల్లా పురపాలకముల చట్టమున ఇంటి వార్షికవిలువ యనగా, ఆ యిల్లు ‘న్యాయముగా వచ్చునని ఎదురుచూడదగిన’ అద్దె. అందు కట్టడపు అద్దెలో పదవవంతు మరమ్మతులకై తీసివేయుదురు. పురపాలకమువారు బజారు అద్దెను పట్టిరి. గుంటూరు పన్ను చెల్లింపుదారుల సంఘమువారు, అద్దెల నియంత్రణ చట్టము న్యాయమైన అద్దెకు హద్దు పెట్టగా, ఆ హద్దు దాటిన అద్దె ‘న్యాయముగా ఎదురుచూడదగినది’ ఎట్లగునని ప్రశ్నించిరి. “ఆ యిండ్లకు కంట్రోలరు న్యాయమైన అద్దె ఇంకను నిర్ణయింపలేదు గదా” అని పురపాలకము వాదించెను. 1970లో సుప్రీముకోర్టు, నిర్ణయింపకపోయినను ఆ చట్టపు సూత్రములనుబట్టి పురపాలకమే లెక్కకట్టవలెనని సంఘమువారికి అనుకూలముగా తీర్పుచెప్పెను.

దీని ఫలితము చిత్రము. అద్దెకున్నవానిని కాపాడుటకు పుట్టిన చట్టము యజమానికి పన్నులో గొడుగైనది. బజారు అద్దె తీసికొనుచు, నియంత్రిత అద్దెపై పన్ను కట్టినవారు లేకపోలేదు. పురపాలకముల రాబడి ఎదుగక నిలిచిపోయినదని దేశమంతట ఫిర్యాదు. 1990లో మన రాష్ట్రమున కొత్త నియమములు వచ్చి, వీధినిబట్టి, కట్టడపు తీరునుబట్టి, చదరపు కొలతను లెక్కించు పద్ధతి బలపడెను. ఆంధ్రప్రదేశమున 2021 నుండి అద్దెవిలువను విడిచి ఆస్తి మూలధన విలువపై పట్టణపు పన్ను కట్టు పద్ధతి వచ్చినది.

తిరిగి నౌపడ ఉప్పుమడులకు వచ్చెదను. ఉప్పుపన్ను 1947 ఏప్రిలు 1న పోయినది. నేల మాత్రము ఉప్పుశాఖ వద్దనే ఉన్నది. రాజ్యాంగపు కేంద్రజాబితాలో ఉప్పునకు ప్రత్యేకముగా 58వ అంశము కలదు. 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడగా గంజాము చీలి, పర్లాకిమిడి పట్టణము అటు పోయెను. నౌపడ ఇటు విశాఖపట్టణము జిల్లాలోను, 1950 నుండి శ్రీకాకుళము జిల్లాలోను నిలిచెను. మదరాసు పోయి ఆంధ్రము, ఆంధ్రము పోయి ఆంధ్రప్రదేశము వచ్చినను 1802 నాటి నాలుగవ విధిలో వేరుచేయబడిన నేల వేరుగనే యున్నది. ఆ నేలపై 285వ అధికరణపు గొడుగు. ఇచట ఒక సూక్ష్మము కలదు. కేంద్రపు ఆస్తికే ఆ రక్షణ. లైసెన్సుదారు తన ఖర్చుతో కట్టుకొన్న ఇల్లు, కొట్టు కేంద్రపు ఆస్తి కాదు. ప్రభుత్వ కంపెనీ ఆస్తి కూడ ప్రభుత్వపు ఆస్తి కాదని 1982లో ప్రచురితమైన కోర్బా బొగ్గుగనుల వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పినది. కావున ఒకే గట్టుపై ప్రక్కప్రక్కనున్న రెండు కప్పులలో ఒకటి పన్నునకు లోబడును, రెండవది లోబడదు.

పన్ను వేయరాదన్నంతమాత్రమున ఊరిసేవను ఉచితముగా పొందుట భావ్యము కాదని కేంద్రమే 1954లో ఒప్పుకొని, పన్నునకు బదులు ‘సేవా రుసుము’ ఇచ్చునట్లు స్థానిక సంస్థలకు తెలిపెను. 1967లో దానిని మరల వివరించెను. ఆచరణలో బకాయిలు పేరుకొన్నవి. చివరకు రాజకోట పురపాలకపు వ్యాజ్యమున 2009 నవంబరులో సుప్రీముకోర్టు ఎదుట ఒక ఒప్పందము కుదిరినది. ఊరిసేవలను పూర్తిగా వాడుకొను కేంద్ర ఆస్తి, సాధారణముగా పడదగిన పన్నులో నూటికి 75 వంతులు, కొన్ని సేవలను వాడుకొనునది 50 వంతులు, ఏ సేవయు వాడుకొననిది మూడవవంతు చెల్లించును. దానిని పన్ను అనరాదు, సేవా రుసుము అనవలెను. రాబట్టుటకు జప్తు మొదలగు పన్ను పద్ధతులును పనికిరావు.

ఒక ఉప్పుశాఖ కచ్చేరి ఈ మూడింటిలో ఏ వరుసలో కూర్చుండవలెను? దాని ముందటి వీధిదీపము పంచాయతీది. బాట కొంత పంచాయతీది, కొంత శాఖది. మంచినీరు, చెత్త ఎత్తుట, ఈ లెక్కలన్నియు ఎవరో ఒకరు స్థలమునకు వచ్చి వ్రాయవలెను. ఆ కాగితము తయారగువరకు ఆ యేటి బాట మరమ్మతు, వెనుక చెప్పిన పెంకుటింటివాని రసీదు సొమ్ముతోనే జరుగుచుండును.